జామీను గుర్తు, ఇక్రారు గుర్తు

ఆదోనిలో ఇల్లు కట్టదలచిన గృహస్థు సిమెంటు సంచిని కొనేటప్పుడు దాని మీది ఐ.ఎస్.ఐ. గుర్తును ఒకసారి చూచి తృప్తి పడతాడు. అదే గృహస్థు స్నానాల గదికి సామగ్రి కొనబోయినప్పుడు కొన్ని అట్టపెట్టెల మీద 'సి.ఇ.' అనే రెండు రోమను అక్షరాలను చూస్తాడు. "ఇదియును గుర్తే కదా, పైగా విదేశీ గుర్తు" అని ఇంకొంత ఎక్కువ తృప్తి పడతాడు. మొదటి తృప్తికి తగిన ఆధారము ఉన్నది. రెండవ తృప్తికి మన దేశములో ఆధారము లేదు. ఈ రెండు గుర్తుల మధ్య భేదమేమిటో, ఆ భేదము మన జిల్లావారికి ఎందుకు ముఖ్యమో విద్యార్థి మిత్రులకు తెలియజేయుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

గుర్తు ఎందుకు పుట్టినది?

సరుకు తయారుచేసినవాడు, కొన్నవాడు ఒకే ఊరివారైనంత కాలము గుర్తుతో పని లేదు. ఆదోనిలోని షాహీ జామియా మసీదును బిజాపూరు సుల్తానుల అధికారి సిద్ది మసూద్ ఖాన్ 17వ శతాబ్దములో కట్టించినాడు. ఆ రాళ్ళను చెక్కిన పనివారి మీద ఏ ధ్రువపత్రమూ లేదు. కట్టించినవాడు వారి ముఖమెరుగును, వారి పనిని కన్నులారా చూచును. తప్పు జరిగితే ఎవరిని పిలిచి అడుగవలెనో అతనికి తెలియును. సరుకు ఊరు దాటినప్పుడు ముఖము వెంట పోదు. ముఖమునకు బదులుగా పోయేదే గుర్తు.

ఈ సంగతి మన ప్రాంతమునకు కొత్త కాదు. ఆదోని పత్తికి పేరుపొందిన మార్కెట్టు. దూదిని బేళ్ళుగా కట్టే ప్రెస్సింగు మిల్లులు ప్రతి బేలు మీద తమ మిల్లు గుర్తును, వరుస సంఖ్యను వేయవలెనని 1925 నాటి జిన్నింగు, ప్రెస్సింగు ఫ్యాక్టరీల చట్టము విధించినది. దూర దేశములో బేలు విప్పినప్పుడు దూదిలో చెత్తగాని తడిగాని కనబడితే, అది ఏ మిల్లులో కట్టినదో ఆ గుర్తే చెప్పును. ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్పగారు చేనేత సహకార సంఘమును స్థాపించిన తరువాత అచ్చటి నేతగాని బట్ట సంఘము పేరుతో దూర ప్రాంతాలకు పోయినది. ఎన్నడూ చూడని నేతగానిని కొనుగోలుదారు ఆ పేరును బట్టియే నమ్మినాడు. 2006లో కేంద్ర ప్రభుత్వము ప్రవేశపెట్టిన హ్యాండ్లూమ్ మార్కు కూడ ఈ కోవలోనిదే. కనుక గుర్తు అనగా అలంకారము కాదు. దూరము నుండి పిలిస్తే పలికే పేరు.

మన జామీను

కట్టుబడి సామగ్రిలో మనకు బాగా తెలిసినది ఐ.ఎస్.ఐ. గుర్తు. భారతీయ ప్రమాణాల సంస్థ 1947లో ఏర్పడినది. 1952లో వచ్చిన ధ్రువీకరణ గుర్తుల చట్టము ఈ ముద్రకు చట్టబలము నిచ్చినది. 1987 ఏప్రిల్ 1 నుండి ఆ సంస్థ స్థానములో భారతీయ ప్రమాణాల బ్యూరో వచ్చినది. సంస్థ పేరు మారినా జనులకు అలవాటైన గుర్తు మాత్రము మారలేదు. ఇప్పుడు ఇది 2016 నాటి బ్యూరో చట్టము క్రింద నడుస్తున్నది. సిమెంటుకు ఈ గుర్తు ఐచ్ఛికము కాదు. 2003 నాటి సిమెంటు నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు ప్రకారము తప్పనిసరి.

గుర్తును చూచుట వేరు, చదువుట వేరు. ముద్రకు పైన ప్రమాణము సంఖ్య ఉంటుంది. సాధారణ పోర్ట్‌లాండు సిమెంటుకు అది ఐ.ఎస్. 269. ముద్రకు క్రింద 'సి.ఎం./ఎల్.' అనే అక్షరాలతో లైసెన్సు సంఖ్య ఉంటుంది. ఈ సంఖ్య లేని ముద్రను ముద్ర అనరాదు. ఆ సంఖ్య ఏ కర్మాగారమునకు ఇచ్చినదో, లైసెన్సు ఇంకను చెల్లుతున్నదో లేదో బ్యూరోవారి 'బి.ఐ.ఎస్. కేర్' అనే మొబైలు యాప్‌లో ఎవరైనను సరిచూచుకొనవచ్చును. సంచి మీది '43 గ్రేడు' అనే మాటకు అర్థమేమనగా, ప్రమాణములో చెప్పిన ఇసుకతో కలిపి పోసిన సిమెంటు ఘనము 28 దినాలు గడచిన తరువాత ప్రతి చదరపు మిల్లీమీటరుకు కనీసము 43 న్యూటనుల ఒత్తిడికి నిలువవలెను. తయారైన వారము, సంవత్సరము కూడ సంచి మీద ఉంటవి. మూడు నెలలకు మించి నిలువ ఉన్న సిమెంటును తిరిగి పరీక్షించక వాడరాదు.

ఈ పద్ధతిలో మూడవ మనిషి ఉన్నాడని గమనించవలెను. అమ్మేవాడు ఒకడు, కొనేవాడు ఒకడు, ఇద్దరికిని చెందని బ్యూరో ఒకటి. బ్యూరో కర్మాగారమును చూచి, నమూనాలను పరీక్షించి లైసెన్సు ఇస్తుంది. తప్పిన నాడు దానిని తీసివేస్తుంది. మన ఉర్దూ, తెలుగు భాషలు రెండింటికిని చెందిన మాటలో చెప్పవలెనంటే ఇది జామీను. ఒకని మాటకు మరియొకడు పూట పడుట.

ఐరోపా ఇక్రారు

ఇక ఐరోపాకు వెళుదాము. యూరోపియన్ యూనియన్‌లో నేడు 27 దేశాలున్నవి. నార్వే, ఐస్‌లాండు, లీచ్‌టెన్‌స్టైనులతో కలిపి 30 దేశాలలో సరుకు స్వేచ్ఛగా తిరుగుటకు ఏర్పడినది సి.ఇ. గుర్తు. పూర్వము ఒక్కొక్క దేశము తన ప్రమాణమును తాను పెట్టుకొని పొరుగువాని సరుకును సరిహద్దులో ఆపేది. కట్టుబడి సామగ్రిలో ఈ చిక్కును విప్పుటకు 1988 డిసెంబరు 21న ఒక ఆదేశము వెలువడినది. దాని స్థానములో 2011లో 305/2011 సంఖ్యగల నియమావళి వచ్చి, 2013 జూలై 1 నుండి పూర్తిగా అమలైనది. 2024లో 3110 సంఖ్యతో ఇంకొక నియమావళి చేసినారు. దాని ముఖ్య నిబంధనలు 2026 జనవరి 8 నుండి వర్తించేటట్లు నిర్ణయించినారు. ఒక్కొక్క వస్తువు ప్రమాణము కొత్త పద్ధతికి మారేవరకు పాత నియమావళి కూడ దాని పక్కనే కొనసాగుతుంది.

కట్టడమునకు ఉండవలసిన లక్షణాలను 2011 నాటి నియమావళి ఏడుగా చెప్పినది: కట్టడము నిలుకడ, అగ్ని నుండి రక్షణ, ఆరోగ్యము మరియు పరిసరాల శుభ్రత, వాడుకలో క్షేమము, శబ్దము నుండి రక్షణ, శక్తి పొదుపు, ప్రకృతి వనరుల మితవ్యయము. ప్రతి వస్తువు ఈ ఏడింటిలో దేనికి సంబంధించునో, ఆ సంబంధమును ఏ పరీక్షతో కొలువవలెనో ఐరోపా ప్రమాణాలు చెబుతవి. కొలిచిన ఫలితములను తయారుదారు ఒక పత్రములో వ్రాసి సంతకము చేయవలెను. దీనిని పనితీరు ప్రకటన అంటారు. ఈ ప్రకటన చేసినవాడే సి.ఇ. గుర్తు వేయవచ్చును. గుర్తు ఎత్తు 5 మిల్లీమీటరులకు తగ్గరాదు. పత్రమును పదేండ్లు భద్రపరచవలెను.

ఆ ప్రకటన సత్యమని ఎవరు చూస్తారు? ఇక్కడనే అసలు విషయమున్నది. వస్తువు వలన కలుగగల ప్రమాదమును బట్టి 1+, 1, 2+, 3, 4 అని ఐదు పద్ధతులు పెట్టినారు. సిమెంటు 1+ పద్ధతిలోనిది. బయటి సంస్థ కర్మాగారమును పరిశీలించును, నమూనాలను తానే తీసి పరీక్షించును. 1988 నాటి ఆదేశము క్రింద మొట్టమొదట వెలువడిన ఐరోపా ఏకీకృత ప్రమాణము సిమెంటుదే కావడము కాకతాళీయము కాదు. సిమెంటు చెడితే ఇల్లు కూలును. బాటల మీద పరిచే సహజ శిల మాత్రము 4వ పద్ధతిలోనిది. ఇందులో బయటివాడు ఎవడును లేడు. పరీక్ష చేయించవలసినది తయారుదారే, కర్మాగారములో నిత్యము సరిచూచుకొనవలసినది తయారుదారే, సంతకము చేయవలసినదియు అతడే.

దీనిని జామీను అనలేము. ఇది ఇక్రారు, తన సరుకును గూర్చి తానే వ్రాసి యిచ్చిన ఒప్పుకోలు. ఇక్రారుకు విలువ లేదని మా భావము కాదు. అబద్ధమని తేలిన నాడు వ్రాసినవాడు చట్టము ముందు నిలువవలెను. కాని కొనేవాడు ఒకటి తెలిసికొనవలెను. సి.ఇ. గుర్తు "ఈ వస్తువు మంచిది" అని చెప్పదు. "ఈ వస్తువును గూర్చి నేను ఈ అంకెలను ప్రకటించుచున్నాను, చదువుకొనుము" అని చెబుతుంది. అంతేకాక, తయారుదారు కనీసము ఒక లక్షణమును ప్రకటిస్తే చాలును. మిగిలిన కొన్నింటి ఎదుట 'ఎన్.పి.డి.' అనే మూడు అక్షరాలు వ్రాయవచ్చును. దానికి అర్థము 'పనితీరు నిర్ణయింపలేదు' అని. గుర్తు నిండుగా కనబడును, పత్రములో గడులు ఖాళీగా ఉండును. ఆదోని అంగడిలో పెట్టె మీద గుర్తు మాత్రమే ఉండి, ఆ పత్రము మనకు అందనప్పుడు ఆ రెండు అక్షరాల వలన మనకు తెలిసేది ఏమియు లేదు. మన దేశపు చట్టములో అది ఐ.ఎస్.ఐ. గుర్తుకు బదులు కానేరదు.

రాతిని ఏమి అడుగుతారు?

కర్నూలు సీమలో నాపరాయి పరచని ఇల్లు అరుదు. 2022 నుండి నంద్యాల జిల్లాలో చేరిన బేతంచెర్ల బండలు, కడప బండలు, తాండూరు బండలు మన నడవాలలో, అరుగుల మీద మూడు తరాలుగా పాదాలను చల్లబరుస్తున్నవి. నాపరాతి పలకలకు మనకు ఐ.ఎస్. 1128 అనే ప్రమాణము ఉన్నది. అయినను మన ఇండ్లకు వచ్చే బండల మీద ఏ గుర్తును మేము చూడలేదు. రాయిని వ్రేలి కణుపుతో కొట్టి శబ్దము విని మేస్త్రీ చెప్పిన మాటయే మనకు ప్రమాణము.

ఇటువంటి బండ ఐరోపాలో బహిరంగ బాట మీద పరచుటకు వెళ్ళినప్పుడు దానికి వర్తించేది ఇ.ఎన్. 1341 అనే ప్రమాణము. అది రాతిని మన తాతలు ఎన్నడూ అడుగని ప్రశ్న అడుగుతుంది: మంచుకు నిలుతువా? నీరు గడ్డకట్టునప్పుడు దాని ఘనపరిమాణము సుమారు నూటికి 9 వంతులు పెరుగును. రాతి రంధ్రాలలో చేరిన నీరు రాత్రి గడ్డకట్టి లోపలి నుండి త్రోయును, పగలు కరగును, మరునాడు మరికొంత లోతునకు దిగి తిరిగి గడ్డకట్టును. కొన్ని శీతకాలాలలో బండ పొరలుగా లేచిపోవును. ఆదోని ఎండలో వందేండ్లు చెక్కుచెదరని బండ అచ్చట పదేండ్లు నిలువకపోవచ్చును. ఇది రాతి దోషము కాదు. వాడుకకు తగినదా కాదా అని చూడకపోవుట మన దోషము. అందుకే బండను పదే పదే గడ్డకట్టించి, కరగించి, తరువాత దాని బలమును కొలుస్తారు. తడిసినప్పుడు పాదము జారునా, రాపిడికి ఎంత అరుగును, వంచితే ఎంత బరువునకు విరుగును అనునవి తక్కిన ప్రశ్నలు. అగ్నిని గూర్చి మాత్రము సహజ శిలను పరీక్షింపనక్కరలేదు. అది మండదు గనుక పరీక్ష లేకుండనే ఎ1 తరగతిలో చేర్చినారు.

వంపు బలము పరీక్ష మన భౌతికశాస్త్ర విద్యార్థులకు సులభముగా తెలియును. బండను రెండు ఆధారాల మీద ఉంచి నడుమ బరువు వేస్తారు. విరుగుటకు కావలసిన బరువు బండ వెడల్పును బట్టియు, మందము వర్గమును బట్టియు పెరుగును. ఆధారాల నడుమ దూరమును బట్టి తగ్గును. ఉదాహరణకు వెడల్పు 300 మి.మీ., ఆధారాల దూరము 500 మి.మీ., రాతి వంపు బలము చదరపు మిల్లీమీటరుకు 15 న్యూటనులు అనుకొందము. మందము 30 మి.మీ. అయితే బండ 5,400 న్యూటనులకు విరుగును. మందము 25 మి.మీ. అయితే 3,750 న్యూటనులకే విరుగును. రాయి అదే, గని అదే, రంగు అదే. ఐదు మిల్లీమీటరులు తగ్గినందుకు బలములో నూటికి సుమారు 31 వంతులు పోయినవి. కాగితము మీద వ్రాసిన మందమునకు ఇంత విలువ ఉన్నది.

మేము చూచినది

గత వేసవి సెలవులలో మేము కొందరము ఒక చిన్న రాతి పాలిషు యూనిట్‌ను చూడబోయినాము. యజమాని మమ్ములను ఆదరముతో కూర్చుండబెట్టి టీ తెప్పించినాడు. గోడ పక్కన కొన్ని వందల బండలు దుమ్ము పట్టి ఉన్నవి. ఏమని అడిగితే అతడు చెప్పినాడు: "బయటి దేశానికి పొయ్యే సరుకు బాబూ. పట్నంలో ఎగుమతి చేసే సేటు కొన్నాడు. ఒక కాగితం పంపించి సంతకం పెట్టమన్నాడు, పెట్టినాము. అది ఇంగ్లీషులో ఉండె. మందం ముప్పై అని అందులో ఉండెనంట. మా బండలు పొరను బట్టి చీలేవి, ఒకటి ముప్పై, ఒకటి ఇరవై ఆరు. కొలిచి చూసి మిగిలిన సరుకు వద్దనిరి. రాయి మాదే, చెమట మాదే, సంతకమూ మాదే. కాగితంలో ఏముండెనో మాత్రం మాకు తెలీదు."

ఆ మాట విన్న తరువాత మాలో ఎవరికిని టీ రుచించలేదు. అతడు మోసము చేయలేదు. తాను చదువని ఇక్రారు మీద వ్రేలు పెట్టినాడు. అప్పుల పత్రాల మీద వ్రేలిముద్ర వేసిన మన తాతల కథకును, దీనికిని భేదమెంత?

ఇందులో ఇంకొక సూక్ష్మము కూడ ఉన్నది. ఐరోపాలోని దిగుమతిదారు సరుకును తన పేరుతో అమ్మినట్లయితే చట్టము అతనినే తయారుదారుగా భావించును. గుర్తు అతడు వేయును, పరీక్షాపత్రాలు అతని బీరువాలో ఉండును, రాతికి అతడు పెట్టిన పేరే చెల్లును. అప్పుడు మన గనివాడు, పాలిషువాడు పేరు లేనివారగుదురు. ఎమ్మిగనూరు బట్టకు పేరు నిలిచినది గాని మన బండకు నిలువకపోవుటకు ఇది ఒక కారణము. తన రాతిని తానే పరీక్షకు పంపి, ఆ అంకెలను తన దగ్గర ఉంచుకొన్న యూనిట్‌దారు బేరమాడునప్పుడు ఖాళీ చేతులతో కూర్చుండడు. తన బండ ఎంత బరువునకు నిలుచునో అతనికి తెలియును. తెలియని దానిని ప్రకటింపుమంటే కాదనగలడు.

గుర్తు చెప్పని మాట కూడ ఒకటి ఉన్నది. అది రాతి సంగతి చెప్పును గాని, రాతిని కోసినవాని సంగతి చెప్పదు. గ్రానైటు వంటి శిలలను పొడిగా కోసినప్పుడు లేచే సిలికా దుమ్ము ఊపిరితిత్తులలో చేరి, నయము కాని సిలికోసిస్ వ్యాధిని కలిగించును. నీటితో తడుపుతూ కోయుట, తగిన ముసుగు ధరించుట దీనికి రక్ష. బండ మీద ఎంత గొప్ప గుర్తు ఉన్నను ఆ రక్షణను అడిగి తీసికొనవలసినది మనమే.

విద్యార్థులకు, కార్యవర్గమునకు మనవి

మన కళాశాలలో చదువుకొనే అనేకుల తండ్రులు, అన్నలు మేస్త్రీలు, బండల వ్యాపారులు, సిమెంటు అంగళ్ళలో గుమాస్తాలు. ఇంట్లో ఆంగ్ల పత్రమును చదువగలవారు మీరొక్కరే కావచ్చును. సంచి మీది లైసెన్సు సంఖ్యను సరిచూచుట, ప్రకటన పత్రములో ఎన్.పి.డి. అని ఉన్న గడులను వ్రేలితో చూపించుట, సంతకమునకు ముందు ప్రతి అంకెకు అర్థము చెప్పుట మీరు చేయగల పనులు. దీనికి ఇంజనీరు కానక్కరలేదు.

కార్యవర్గము పెద్దలకు మాది చిన్న కోరిక. భారతీయ ప్రమాణాల ప్రతులను బ్యూరో ఉచితముగానే చదువనిచ్చుచున్నది. సిమెంటు, ఉక్కు కమ్మీలు, ఇటుకలు, నాపరాళ్ళకు సంబంధించిన నాలుగైదు ప్రమాణాలను అచ్చు తీయించి గ్రంథాలయములో ఒక అర మీద ఉంచవలెను. వాటి సారాంశమును తెలుగులోను, ఉర్దూలోను మా విద్యార్థులే వ్రాయగలరు. భౌతికశాస్త్ర ప్రయోగశాలలో వంపు బలము పరీక్షకు రెండు ఆధారాలు, కొన్ని తూకపు రాళ్ళు, మన ఊరి బండ ముక్కలు చాలును.

ఆ పాలిషు యూనిట్ యజమాని మేము బయలుదేరునప్పుడు గేటు దాకా వచ్చి, "ఈసారి కాగితం వస్తే మీకు పంపిస్తా, చదివి చెప్పండి" అన్నాడు. సరేనన్నాము. ఆ కాగితము వచ్చేనాటికి దానిని చదివి చెప్పగలవారము కావలెను.